దందా సిటీలో గేటు తీసిందెవరు?

పద్నాలుగో తారీఖు, మధ్యాహ్నం 2:10. నాలుగేళ్లు కష్టపడి కట్టిన మాఫియా కోట గేటు లోపలి నుంచి తెరుచుకుంది. పావుగంటలో నూట ఎనభై మంది చచ్చారు.

నెత్తురు చుక్క రాలలేదు. అదంతా ఫోన్‌లో ఆడే గేమ్. పేరు ‘దందా సిటీ’. ఎక్కడెక్కడి వాళ్లో గ్యాంగులు కట్టి, కోటలు లేపి, ఒకరినొకరు దోచుకునే ఆట.

నిజంగా చావబోయేది ఒక్కటే. కుమారస్వామి నౌకరీ.

ఆ గ్యాంగుకు అతనే డాన్. బయట మాత్రం కాజీపేటలో లోకో పైలట్. సరిగ్గా ఆ సమయానికి డోర్నకల్ వైపు గూడ్స్ బండి నడుపుతున్నాడు. మర్నాడే పేరు లేని ఫిర్యాదు వచ్చింది. ‘ఇంజన్‌లో కూర్చొని గేమ్ ఆడాడు.’ సాక్ష్యంగా 2:10కి తీసిన స్క్రీన్‌షాట్. డాన్ పేరు పక్కన ‘ఆన్‌లైన్’ అని పచ్చలైటు.

రుజువైతే ఉద్యోగం ఊడినట్టే.

పద్దెనిమిదో తారీఖు, ఉదయం 11:05. ఎంక్వైరీకి వచ్చిన రైల్వే ఇన్‌స్పెక్టర్ సారంగపాణి ముగ్గురిని బల్ల ముందు కూర్చోబెట్టాడు. ముగ్గురూ ఆ గ్యాంగు మనుషులే. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు అతనికి ఒక్కటే నేర్పింది. దొంగ గోడ దూకి వస్తాడు. దోస్తుకు తలుపు మనమే తీస్తాం.

“ఫోన్ యాడుండె?”

“బంద్ చేసి సంచిల పెట్టిన సార్,” అన్నాడు కుమారస్వామి. “డ్యూటీ ఎక్కేటప్పుడు గట్టన్న ముంగటనే బంద్ చేసిన.”

గట్టయ్య ఒకప్పుడు కుమారస్వామికి ఇంజన్ నేర్పిన డ్రైవరు. కంటి పరీక్షలో తప్పాక ఇంజన్ దింపి, డ్యూటీ రాసే టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు.

“నా ముంగట బంద్ చేసిండు. ఇంజన్ల ఏం జేసిండో నాకేమెరుక?”

సారంగపాణి మూడోవాడి వైపు తిరిగాడు. అసిస్టెంట్ శశాంక్. “నువ్వు ఇంజన్ల పక్కనే ఉన్నవ్ గదా?”

“ఫోన్ తియ్యలే సార్, ఒట్టు. నాది గూడ బందే.”

గట్టయ్య నవ్వాడు. “అసిస్టెంటు తన డ్రైవర్ మీద ఎన్నడన్న చెప్తడా సార్?”

సారంగపాణి స్క్రీన్‌షాట్ బల్ల మీద పెట్టాడు.

“ముగ్గురు గేమ్ తెరువుండ్రి. శశాంక్, కింద మూలకు ఎర్ర బటన్ ఉన్నదా?”

“లేదు సార్.”

“గట్టయ్యా?”

“...లేదు.”

“కుమారస్వామీ?”

“ఉన్నది సార్. గేటు తెరిచే బటన్. డాన్‌కు తప్ప ఎవ్వలికి కనపడది.”

“ఇప్పుడు ఫోటో చూడు.”

ఫోటోలో కింద మూలన ఎర్ర బటన్. మూడు రోజులుగా అందరూ పచ్చలైటే చూశారు. దాన్ని ఎవరూ చూడలేదు.

“ఇది బయటినుంచి తీసిన ఫోటో గాదు. డాన్ ఖాతాల కూసొని తీసింది. ఫిర్యాదు రాసినోడే గేటు తీసిండు. నీ మీద నువ్వే రాసుకోవు గదా! సెట్టింగ్స్‌ల చూడు. నీ ఖాతా ఎన్ని ఫోన్లల్ల తెరిచుంది?”

“రెండు,” అన్నాడు కుమారస్వామి. “ఒకటి ఇది. ఇంకోటి నా పాత ఫోన్.”

“ఎవలకిచ్చినవ్?”

పేరు చెప్పడం కూడా కుమారస్వామికి ద్రోహంలాగే ఉంది.

“గట్టన్న బిడ్డ సౌమ్యకు,” అన్నాడు చివరికి. “ఇంటర్ చదువుకు ఫోన్ లేదంటే ఇచ్చిన. మన ఇల్లే గదా అని లాగౌట్ గూడ చెయ్యలే.”

గట్టయ్య సంచిలోంచి పాత ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. రిపేరుకు ఇస్తానని పిల్ల దగ్గర గుంజుకున్నాడట.

“ఎందుకే అన్నా?”

“ఎందుకా? ఇంజన్ కూత పెట్టుడు నీకు నేర్పింది నేను. నా కండ్లు పోయినయని నన్ను దింపిన్రు. రోజూ నా ముంగట సంతకం పెట్టి ఇంజన్ ఎక్కుతానవ్. గేమ్‌ల గూడ నువ్వే డాన్. ‘గట్టన్నా, గేటుకాడ నిలబడు’ అంటవ్. నేను నీకు వాచ్‌మన్‌నారా? నువ్వు గూడ ఇంజన్ దిగితే ఎట్లుంటదో చూడాలనిపించింది.”

11:40. సారంగపాణి పాత ఫోన్‌లోని ఖాతా వివరాలు రాసుకొని, ఫోన్ వెనక్కి జరిపాడు.

కుమారస్వామి పాత ఫోన్ అందుకున్నాడు. లాగౌట్ నొక్కాడు. గట్టయ్య చెయ్యి చాచాడు. ఆ చెయ్యి దాటించి, ఫోన్ శశాంక్‌కు ఇచ్చాడు.

“పిల్లకు పరీక్షలు దగ్గరికొచ్చినయ్. నువ్వే పోయి ఇచ్చి రా, తమ్మీ. ఈయన చేతికి మాత్రం ఇయ్యకు.”