శివమ్మ జీతం

పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు తిని, తువ్వాల భుజాన వేసుకుని సంగప్ప చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. అప్పటికే కోడలు పూజ గడపలోకి వచ్చి నిలబడింది.

"ఎటు పోతున్రు మామా?"

"ఝరాసంగం గుడికి."

"నిన్న గూడ గుడికేనా?"

"ఔ. మనసు జర నిమ్మళంగ ఉంటది."

సంగప్పకు అబద్ధమాడటం ఏనాడూ చేతకాలేదు, పాపం. ఈ వయసులో కూడా ఆడబోతే చెవులు ఎర్రబడతాయి. పూజ ఆయన చేతులవైపు చూసింది.

"గుడికి పోయినోళ్ల గోర్లల్ల మన్ను ఎట్లొస్తది మామా? మీ అంగీలు ఉతికేది నేనే గదా, అన్నీ అల్లం వాసనే. చిరాగ్‌పల్లి కాడ అల్లం గోదాముల కూలికి పోతున్నరని నాకు ఎరుకే."

సంగప్ప చెప్పులు విడిచి అరుగు మీద కూలబడ్డాడు.

ఇంట్లో గొడవ ఇదీ. ఆయన భార్య శివమ్మ సర్కారు దవాఖానలో నర్సుగా చేసింది. రిటైరై పింఛన్ తీసుకుంటూ, మొన్న ఎండాకాలంలో ఉన్నట్టుండి గుండె ఆగి పోయింది. ఆ పింఛన్‌లో కొంత ఇకమీదట భర్తకు వస్తుంది. కొడుకు ప్రేమ్‌సాగర్ ట్రాక్టర్ల కంపెనీలో షిఫ్టు మానుకుని మరీ తిరిగి, కాగితాలన్నీ సిద్ధం చేయించాడు. పెద్దాయన ట్రెజరీ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టాలి, అంతే. ఆయన పెట్టడే! కొడుకు బతిమాలాడు, కసిరాడు, చివరికి విసుగెత్తి తండ్రితో మాట్లాడటమే మానేశాడు.

"నా కాళ్లు చేతులు ఇంకా పడిపోలే బిడ్డా," అన్నాడు సంగప్ప. "నా తిండి నేను సంపాయించుకుంట. నీకేం ఫికర్?"

"ఫికర్ గాకపోతే ఏంది? నిన్న రాత్రి నడుం పట్టుకొని మూలిగింది ఎవరు? మీకు న్యాయంగ వచ్చేది తీసుకోనీకి ఏమైంది?"

"మగ పుట్టుక పుట్టి పెండ్లాం పింఛన్ తినాల్నా? రామ్‌కిషన్ హోటల్ల నలుగురు నవ్వరా? పైంగ, నేను మళ్ల పెండ్లి చేసుకోలే అని రాసియ్యాల్నట. నా మొఖానికి పెండ్లొకటి తక్కువైంది."

పూజకు నవ్వొచ్చినంత పనైంది. ఆయన కళ్లు చూసి ఆపుకుంది. మెట్టు మీద కూర్చుని గొంతు తగ్గించింది.

"మామా, ఒకటడుగుత, కోపం చేయొద్దు. మన ఎవుసంల ఏనాడన్న ఏమన్న మిగిలిందా?"

మొగుడంపల్లి దగ్గరున్న వాళ్ల మెట్ట చెలక వాన పడితే నాలుగు కందులిచ్చేది, పడకపోతే అదీ లేదు.

"ఒకటో తారీఖు రాంగనే అత్తమ్మ జీతం దెచ్చి మీ చేతుల పెట్టేది. మేమేది అడిగినా 'మామనడుగు' అనేది. నీ జీతం నువ్వే ఉంచుకోరాదా అంటి ఒకపారి. 'ఆయన నలుగుర్ల కూసునే మనిషి, ఉత్త చేతులతోని కూసోవద్దు బిడ్డా' అన్నది."

సంగప్ప తల వంచుకున్నాడు. ఇదంతా ఆయనకు తెలియదా అంటే తెలుసు. తెలియనట్టు ఉండటం అలవాటైపోయింది. కరువు కాలంలో కొడుకు కాలేజీ ఫీజు తన జేబులోంచి తీసి కట్టి, ఊరంతా మీసం మెలేసుకుని తిరిగాడు. ఆ జేబు నింపిన మనిషి ఆ రోజు కూడా డ్యూటీ నుంచి వచ్చి, చీరైనా మార్చకుండా పొయ్యి ముందు కూర్చుంది. గుర్తొస్తే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

"మీకు కోపమొస్తే కంచం తోసేటోళ్లు," అంది పూజ. "అత్తమ్మ నోరు తెరవకుండ మళ్ల తెచ్చి ముంగట పెట్టేది. పోయినంక గూడ పెడుతున్నది మామా. ఇప్పుడు గూడ తోస్తరా?"

సంగప్ప లేచి లోపలికి వెళ్లి, ఉతికిన ధోతి కట్టుకుని వచ్చాడు.

"పా బిడ్డా. ఆఫీసు ఏడున్నదో చూపియ్యి."

ట్రెజరీ ఆఫీసులో జనం బాగానే ఉన్నారు. వరుసలో వీరన్న కనిపించాడు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, రామ్‌కిషన్ హోటల్లో రోజూ సంగప్ప పక్కనే కూర్చునేవాడు. సంగప్పను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏం సంగప్పా, ఎవుసం చేసేటోనివి, నీకేడి పింఛన్? కోడలికి తోడొచ్చినవా?"

ఔనంటే సరిపోతుంది, పరువు నిలబడుతుంది.

"పింఛన్ శివమ్మది," అన్నాడు సంగప్ప, వరుసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా. "ఇయ్యాల కొత్తేం గాదు వీరన్నా. లగ్గమైన కాడికెల్లి ఆమె కష్టమే తిన్న. ఇల్లు గట్టింది ఆమె, పిల్లగాన్ని సదివిచ్చింది ఆమె. మీరు ఇంటికొస్తే నా ఎవుసం, నా సంపాదన అని చెప్పుకుంటి. ఆమె అన్నీ ఇనుకుంటనే మీకు చాయ్ పోసేది."

వీరన్న నవ్వలేదు. పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. సంగప్ప కూర్చుని తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. శివమ్మను మట్టి చేసిన రోజు కూడా కంటతడి పెట్టని మనిషి, భుజాలు ఊగిపోయేలా ఏడ్చాడు. పూజ ఆయన చేయి పట్టుకుంది.

"గీ మాట ఆమె ఇనేటట్టు ఒక్కపారన్న చెప్పకపోతి బిడ్డా," అన్నాడు.