వెనక్కి తిరిగే పొట్టు

తెల్లారి కళ్లంలో కందులు తూర్పారపడుతున్న మారెక్క, చేట దించి మళ్లీ దగ్గింది. పొట్టు ఎగిరి పోకుండా తిరిగొచ్చి ఆమె మొహానికే కొడుతోంది. ఈ ఏడు ఇదే వరస. అయినా ఆ మహాతల్లి భర్తను ఒక్క మాట అంటే ఒట్టు.

కూతురు జయంతి బెంగళూరులో పరిశోధన చేస్తోంది. సెలవులకు నిన్ననే కంబదూరు పక్కనున్న ఈ ఊరికి వచ్చింది. గోడలూ మేడలూ అడ్డొస్తే గాలి ఎలా సుడి తిరుగుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడమే ఆమె చదువు. కళ్లానికి తూర్పున తండ్రి కొత్తగా కట్టిన గదిని చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

“నాయనా, గాలొచ్చే దిక్కునే గది కట్టినావు. దాని ఎనక గాలి తిరగబడతాంది. అమ్మకు ఆయాసమొస్తాది, పడగొట్టించు.”

తండ్రి సుంకన్నకు చుర్రుమంది. “నలభై ఏండ్లు తూర్పారబట్టినోన్ని. నాకు గాలి నేర్పుతావా?”

“అయితే కళ్లమన్నా జరుపు. గది నుంచి ఇరవై ఏడు అడుగులు పోవల్ల. లెక్క చేసే చెప్తాండా.”

“మా తాత అలికిన కళ్లం! జరిపేది లేదు, పడగొట్టేది లేదు!”

“అమ్మ కంటే గది ఎక్కువైందా నీకు?”

సుంకన్న మొహం వాడిపోయింది.

మారెక్క కూతుర్ని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. గింజల బస్తాలుంటాయనుకుంది జయంతి; లోపల ఒక్క బస్తా లేదు. కొత్త బల్ల, కుర్చీ, గోడకు నాలుగు ప్లగ్గులు.

“నీ కంప్యూటర్‌కే పాపా. ప్రతిసారీ వచ్చిన రెండో దినమే లెక్క మిగిలిందని పోతాండావని కట్టినాడు. నేను దగ్గు సంగతి చెప్తే యాడ పడగొడతాడో అని ఊరకుండినా.”

జయంతికి ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తే, తండ్రి గది వెనక ఒక్కో అడుగూ దూరం జరుగుతూ గుప్పెడు గుప్పెడు పొట్టు వదులుతున్నాడు.

“ఈడ ఎనక్కొస్తాంది. ఈడా అంతే. ఇదో, ఈడ దాటితే ముందుకు పోతాంది” అని ఒక రాయి పెట్టాడు.

జయంతి కొలిచింది. పదహారు అడుగులే. రెండేళ్లుగా తన లెక్క అసలు కొలతల కంటే ఇలాగే ఎక్కువ దూరం చూపిస్తోంది. తప్పెక్కడో తేలక ఎన్నిసార్లు ఏడ్చిందో!

“నేను గాలి ఒకే తీరుగా తోలుతాదని లెక్కేసినా నాయనా.”

“ఒకే తీరుగా యాడ తోలుతాది పాపా? తోస్తాది, ఆగుతాది, మళ్లా తోస్తాది.”

“అంత మాట అన్నందుకు తప్పైంది నాయనా.”

“పోనీలే. గదికి పదహారడుగుల అవతలికి జరిపితే మా తాత ఏమీ అనడు. అలికేది మాత్రం నువ్వే.”

కళ్లం అలికి ఆరేసరికి రెండు రోజులు పట్టింది. మూడో నాడు మారెక్క చేట ఎత్తితే పొట్టు ఆమెను దాటి ఎగిరిపోయింది. తండ్రీ కూతుళ్లు ఊపిరి బిగబట్టి చూశారు. మారెక్క దగ్గలేదు.

లెక్క కోసం ఈసారి జయంతి బెంగళూరు బస్సెక్కలేదు. ఆ సాయంత్రమే కొత్త బల్ల ముందు కూర్చుని, మొదటి నుంచి లెక్క మొదలుపెట్టింది.