సుక్కమ్మ దాచిన మాత్రలు

పొయ్యి మీది గంజి దించి సుక్కమ్మ మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుంది. రోజూ చేసే పనే. ఎల్లేశాన్ని పక్కకు తిప్పడం, మడమల దగ్గర, నడుము దగ్గర పుండ్లు లేవని చూడడం, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటే మడిచి చాపడం. తొంభై రెండులో చెట్టెక్కే మోకు తెగి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు ఎల్లేశం. వెన్నుపూస విరిగింది. నడుము కింద గిచ్చినా తెలియదు. ఇప్పటికి ఏడాది దాటింది.

"సుక్కీ, మల్ల మంట మొదలైంది. అరికాళ్ళల్ల నిప్పులు పోసినట్టుంది. రాత్రంతా కన్ను మూయలే."

"ఏ కాలు?"

"రెండు."

"మొన్న ఒకటే అంటివి గద!" సుక్కమ్మ మొహం వెలిగింది.

"మొగడు సస్తాంటే నగుతానవేందే?"

సుక్కమ్మ అతని కాలు మడిచి చాపింది. తిమ్మిరెక్కిన కాలు తేరుకునేటప్పుడు చిమచిమలాడుతుంది కదా! ఏమీ తెలియని కాలు మండుతోందంటే అందులోకి ప్రాణం వస్తున్నట్టే. అందుకే నల్లగొండ దవాఖానలో మంటకని ఇచ్చిన మాత్రలు నాలుగు నెలలుగా ఆమె మొగుడికి వేయలేదు. బలం మాత్ర ఒక్కటే ఇచ్చి, వాటిని గుడ్డలో కట్టి సంచి అడుగున పెట్టింది. తేరుకుంటున్న కాళ్ళకు మందు పెట్టి మళ్ళీ ఎవరైనా నిద్రపుచ్చుతారా?

ఆ రోజు దవాఖానకు పోవాలి. సుక్కమ్మ తమ్ముడు భిక్షపతి బావను వీపున వేసుకుని కేతేపల్లిలో బస్సెక్కించాడు.

దవాఖానలో కసరత్తు చేయించే దిల్షాద్, ఎల్లేశం కాళ్ళకు ఇనుప కడ్డీల క్యాలిపర్లు బిగించి రెండు కమ్ముల నడుమ నిలబెట్టింది. రెండడుగులకే అతను చెమటతో తడిసి కుర్చీలో కూలబడ్డాడు.

"ఏందన్నా, గింత నీరసమేంది? నిద్ర పోతలేవా?"

"మంటమ్మా. దుప్పటి కప్పినా, తీసినా మండుతాంది."

"రాత్రి మాత్ర ఏసుకున్నా తగ్గుతలేదా?"

"బలం మాత్రనా?"

"కాదన్నా, మంటకిచ్చింది."

ఎల్లేశం పెండ్లాం వైపు చూశాడు. సుక్కమ్మ సంచిలోంచి గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టింది. ఒక్క మాత్ర కూడా తీయని అట్టలు.

"కాళ్ళకు పానం వస్తాందనుకున్న డాక్టరమ్మా. మందేస్తే మల్ల మొద్దుబారుతయని..."

"నాలుగు నెలలు!" ఎల్లేశం అట్టలు చేతిలోకి తీసుకున్నాడు. "నేను మొత్తుకుంటాంటే నువ్వు సంబురపడ్డవా?"

దిల్షాద్ సుక్కమ్మ పక్కన కూర్చుంది. "నేను డాక్టర్ను కాదక్కా. కానీ గీ మంట సంగతి ఎరుకే. కాళ్ళు తేరుకోబట్టి వచ్చేది కాదు. వెన్నుల దెబ్బతిన్న నరం, కాళ్ళు మండుతానయని తలకాయకు ఉత్తగనే చెప్తాంది. మాత్ర ఏస్తే గది జర తగ్గుతది, గంతే. కాళ్ళకేం కాదు."

"మరి కాళ్ళెప్పుడొస్తయ్?"

"రావక్కా. పెద్ద డాక్టరు గూడ గదే అన్నడు. చేతుల బలంతోని, క్యాలిపర్లతోని నడుస్తడు. గది నేను నేర్పుత."

మొగుడు చెట్టు మీది నుంచి పడ్డ రోజు కూడా ఇరుగుపొరుగు ముందు కన్నీరు పెట్టని సుక్కమ్మ అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎల్లేశం పెండ్లాం వైపు తిరిగాడు. "నాకు ముందే చెప్పాలె గదనే."

"చెప్తే తిడుదువని."

"తిట్టకపోదును. నేను గూడ మాత్ర వద్దందును. మంట ఎక్కువైనప్పుడల్ల బొటనేలు కదుల్తదేమోనని సూసెటోణ్ణి."

సుక్కమ్మ అతని చేయి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు.

కొంతసేపటికి ఎల్లేశం, "లేపుర్రి" అన్నాడు. రోజుకు ముప్పై తాటిచెట్లెక్కి దిగిన చేతులు కమ్ములను బిగించి పట్టాయి. ఒక కాలు ఈడ్చుకుంటూ ముందుకు వచ్చింది. తర్వాత రెండోది. పడితే పట్టుకుందామని సుక్కమ్మ చేతులు చాపి ఎదురుగా నిలబడింది.

"నొస్తాందా?"

"నొస్తాంది. నువ్వు జర పక్కకు జరుగు. తొవ్వకడ్డం నిలబడ్డవ్."

సుక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుని పక్కకు జరిగింది.