గెలిపించ ప్రార్థన

"ఇదేందిది? యేసయ్య పుట్టిన పండగా, ఎమ్మెల్యే ఎలక్షనా?"

ప్రొద్దుటూరులో అబ్దుల్ సలాం ప్రింటింగు ప్రెస్సులోకి ముందు ఆ గొంతు వచ్చింది, దాని వెనక హెప్సిబ వచ్చింది. చేతిలో క్రిస్మస్ ఆహ్వాన పత్రాల కట్ట. ముఖం కందగడ్డలా ఉంది. అయినా కళ్లు బాగున్నాయని బర్నబాసు గమనించకపోలేదు.

బర్నబాసు ఆ ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలను ఏరి, అద్దంలో బొమ్మలా తిరగేసి పేర్చడం అతని పని. ఎన్నికలు మొన్ననే అయిపోయాయి. అంతకు ముందు నెలంతా అన్ని పార్టీల పోస్టర్లూ అతని చేతిమీదుగానే పోయాయి. పార్టీ ఏదైనా ఆఖరి వరస ఒక్కటే, "గెలిపించ ప్రార్థన". ప్రతిసారీ విప్పి పేర్చడం దండగని ఆ వరసను దారంతో కట్టి చేతికందేచోట పెట్టుకున్నాడు. చర్చి వాళ్ల పత్రంలో "ప్రార్థన" అని రావాల్సిన చోట చెయ్యి అలవాటుగా ఆ కట్టనే ఎత్తింది.

"చదువు. నువ్వే చదువు."

"సాయంత్రం ఆరు గంటలకు చర్చిలో..." బర్నబాసు గొంతు సన్నబడింది. "గెలిపించ ప్రార్థన."

"ఎవుర్ని గెలిపించాల? పాస్టరు గారినా?"

"ఆయన నిలబడితే డిపాజిట్ గ్యారంటీ మేడం. మంచి మనిషి."

మూల కూర్చున్న సలాం సాయిబుకు నవ్వు ఆగక దగ్గు వచ్చింది. హెప్సిబకూ నవ్వొచ్చింది గానీ పెదవి కొరుక్కుని ఆపుకుంది.

"సాయంత్రానికి మళ్లా కొట్టిస్తా. తప్పు నాదే," అన్నాడు బర్నబాసు.

"తప్పు చేసినోళ్లకు శిక్ష వద్దా? మా వరండాకు క్రిస్మస్ దీపం కావాల. బజారులో కొనే మెరుపు స్టార్లు మా ఊరి గాలికి రెండు దినాలు నిలబడవు. కట్టెతో, కాయితంతో గట్టిగా చేసియ్యి. చేతనవుతాదా?"

"అక్షరాలు పేర్చేవోనికి నాలుగు కట్టెలు పేర్చేది ఒక లెక్కా?"

అన్నాడే గానీ, అంతవరకు అతను ముక్కాలిపీటకు మేకు కూడా కొట్టి ఎరగడు.

హెప్సిబ ప్రొద్దుటూరులో టీచరు ట్రైనింగు చదువుతోంది. జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చిపోతుంది. సాయంత్రం బస్సుకు ముందు "దీపం యాడిదాకా వచ్చింది?" అని ప్రెస్సులోకి తొంగి చూడటం అలవాటైంది. ఆ అలవాటు దీపం కోసమేనని ఆమె అనుకుంది. సలాం సాయిబు అట్లా అనుకోలేదు.

దీపానికి కట్టె కోసం బర్నబాసు ఎక్కడికీ పోలేదు. మూలన పడున్న పాత అక్షరాల పెట్టె ఒకటి ఉంది. అక్షరానికో గది చొప్పున పలచని టేకు అడ్డచెక్కలున్న పెట్టె. ఆ చెక్కలు ఊడదీసి, గాట్లు పెట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చాడు. మొదటి చట్రం పడవలాగా ఒరిగింది. రెండోది నిలబడింది గానీ వేలు తగలగానే కూలింది.

"ఇది దీపమా, కోళ్లగూడా?" అంది హెప్సిబ.

"కోళ్లగూడైతే కోడిపెట్ట వచ్చి కూచుంటాది. చూస్తాండు."

"ఎవుర్నప్పా కోడిపెట్ట అంటాండావు?"

"నేనేమన్నా? నువ్వే వచ్చి కూచున్యావు."

ఆమె స్కేలు తీసుకుని అతని చేతిమీద ఒక్కటి కొట్టింది. కాబోయే టీచరమ్మ దెబ్బ, బాగానే తగిలింది. ఆ చేత్తోనే అతను మూడో చట్రం చేశాడు. అది నాలుగు పలకలుగా, గట్టిగా, అందంగా వచ్చింది.

ఇక కాయితం. పలచనిదైతే చినుగుతుంది, అట్టైతే వెలుతురు రాదు. దారి చూపింది హెప్సిబే.

"మా నాయనకు ఒక రూలుంది. బడి పిల్లోళ్లు నోటుబుక్కులకు పోస్టర్లు అట్టలేసుకుంటారు గదా. వేసుకోండి, కానీ బొమ్మ లోపలికి, తెలుపు బయటికి అంటాడు."

"ఎందుకట్ల?"

ఆమె స్కేలు పక్కన పెట్టి చెప్పింది. వాళ్ల ఊళ్లో రెండు వర్గాలు. పెళ్లికి పిలిచినా, బోరు వేసినా ఏ పక్క అని చూస్తారు. గోడలన్నీ రంగులే. ఒక్క వాళ్ల నాయన, హెడ్మాస్టరు జ్ఞానప్రకాశం సారు గోడకు మాత్రం వట్టి సున్నం. రెండు పక్కల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చునేది ఆయన బళ్లోనే. క్రిస్మస్ ముందు ఒక సాయంత్రం రెండు పక్కల పెద్దలూ వచ్చి ఆయన వరండాలోనే కాఫీ తాగుతారు. ఏడాదిలో వాళ్లు ఒకచోట కూర్చునేది ఆ ఒక్కసారే.

"ఎలక్షన్ల తర్వాత ఈసారి వస్తారో రారో అని నాయనకు దిగులుగా ఉండాది. అందుకే మంచి దీపం కావాలన్యా," అంది మెల్లగా.

ఆ మాటతో బర్నబాసుకు దీపం శిక్ష కాకుండా పోయింది. అది ఆమెకు ఇచ్చే కానుక అయింది. ఓడిపోయిన అభ్యర్థి పోస్టర్లు, ఎవరూ తీసుకుపోనివి, ప్రెస్సులో అటక నిండా ఉన్నాయి. వెనక పక్క పాలలాంటి తెలుపు. సారు రూలు ప్రకారమే బొమ్మ లోపలికి, తెలుపు బయటికి పెట్టి, మైదా బంకతో నాలుగు పలకలకూ బిగువుగా అతికించాడు. బల్బు వేసి చూద్దామంటే మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు.

ఆ సాయంత్రమే బస్టాండులో దీపం ఆమె చేతికిచ్చాడు. సన్నగా ముసురు పట్టింది. ఆమె దీపం మీద చున్నీ కప్పింది. ఆమె మీద అతను ప్రెస్సు గోనెసంచి పట్టాడు. అతని మీద మాత్రం వాన హాయిగా కురిసింది.

"శనివారం మా ఇంట్లో వెలిగిస్తారు. రా."

"ఎవురి తరఫున రావాల?"

"దీపం తరఫున," అంటూ ఆమె బస్సెక్కేసింది.

శనివారం పొద్దుగూకే వేళకు బర్నబాసు హెప్సిబ వాళ్ల వరండాలో ఉన్నాడు. రెండు వర్గాల పెద్దలూ వచ్చారు, ఆ చివర కొందరు, ఈ చివర కొందరు. మధ్యలో తెల్లగా, ముచ్చటగా దీపం వేలాడుతోంది. హెప్సిబ తల్లి లీలమ్మ కాఫీ గ్లాసులు పంచుతోంది. సారు చిన్న ప్రార్థన చేసి స్విచ్చి వేశాడు.

దీపం వెలిగింది. నాలుగు పలకల మీదా ఓడిపోయిన అభ్యర్థి, గుబురు మీసాలతో, రెండు చేతులు జోడించి, నాలుగు దిక్కులకూ నవ్వుతూ దండం పెట్టాడు.

గ్లాసులు గాల్లోనే ఆగిపోయాయి.

"అట్ల చెప్పు సారూ! మనసులో మా పక్కనే ఉండావన్నమాట!" అని ఓడిన వర్గం పెద్దమనిషి తొడ చరిచాడు.

గెలిచిన వర్గం పెద్దమనిషి కాఫీ కింద పెట్టేశాడు. "పన్నెండేండ్ల నుంచి నమ్మినాము సారూ. రేపట్నుంచి మా పిల్లోళ్లు బడికి రారు." ఆయన వెంట నలుగురూ లేచారు.

సారు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ ముఖం చూసి బర్నబాసు ఒక్క గంతులో లేచాడు. పోయి మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"సారుకేమీ తెలీదు పెద్దాయనా! దీపం చేసింది నేను. తెల్లకాయితం అని వెనకపక్క చూసినా గానీ, వెలిగిస్తే లోపలాయన బయటికొస్తాడని తట్టలేదు. కొట్టాలంటే నన్ను కొట్టండి."

"నువ్వు ఏ పక్కనప్పా?"

"నేను ప్రెస్సు పక్క. మీ పోస్టర్లూ నేనే పేర్చినా!"

ఈలోగా హెప్సిబ ఇంట్లోంచి దిద్దడానికి వచ్చిన నోటుబుక్కులు ఎత్తుకొచ్చింది. అట్టలు చకచకా ఊడదీసింది. వాటిలో గెలిచినాయన పోస్టర్లే ఏరింది. పైనుంచి దీపంలోకి దూర్చి, ఒక్కో పలకకు ఒక్కోటి ఆనించింది.

రెండు ముఖాలూ ఒకటైపోయాయి. ఓడినాయన మీసాలు, గెలిచినాయన కళ్లద్దాలు, నాలుగు చేతులతో దండం. ఎవరో ఎవరికీ తెలియని కొత్త మనిషి వరండా అంతా పరుచుకుని నవ్వుతున్నాడు.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. "యాందప్పా, మీవోని మీసం మావోనికి శానా బాగుండాదే!" అన్నారెవరో. ఆ చివరా ఈ చివరా ఒకటే నవ్వు.

"ఓటు ఎవరికేసినావని ప్రతిసారీ అడుగుతారు గదా," అన్నాడు సారు, దీపం వైపు చెయ్యి చూపుతూ. "ఇదిగో, ఈయనకే."

గెలిచిన వర్గం పెద్దమనిషి మళ్లీ కూర్చున్నాడు. చల్లారిన కాఫీ తోసేసి వేడిది ఇంకోటి అడిగాడు. లేచి పోతూ సారు చెయ్యి పట్టుకుని, "పిల్లోళ్లు సోమవారం వస్తారులే," అన్నాడు.

అందరూ వెళ్లాక సారు దీపం దగ్గర నిలబడి, పలక కింద తిరగబడిన అక్షరాలను చూపుడు వేలితో తడిమాడు.

"ఇదేమి రాసిందో తిరగబడి తెలీకుండా ఉండాది."

తిరగేసిన అక్షరాలు చదవడం బర్నబాసుకు రోజూ చేసే పని. హెప్సిబ వైపు చూశాడు. ఆమె కాఫీ గ్లాసులు ఏరుతూ అప్పుడే చెవులు రిక్కించింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని అతనికి అర్థమైంది.

"గెలిపించ ప్రార్థన అని ఉంది సార్."

"ఎవుర్ని?"

"నన్ను సార్. హెప్సిబను చేసుకోవాలని ఉండాది. మీ ఇంట్లో ఓట్లు మూడే. మూడూ కావాల."

సారు మీసాల కింద నవ్వు కదిలింది. "మెట్లకు అడ్డం నిలబడినావు చూడు, నా ఓటు అప్పుడే పడింది నాయనా. ఆ రూలు మాత్రం మార్చాల, బొమ్మ లోపల దాస్తే దీపం ముందర దాగదు. పాపా, నువ్వేమంటావు?"

హెప్సిబ ముఖం దీపం కన్నా ఎక్కువగా వెలిగింది. "ఓటు రహస్యం నాయనా. చెప్పకూడదు."

వంటింటి గడపలోంచి లీలమ్మ పక్కున నవ్వింది.

"ఏం రహస్యమే! ట్రైనింగు బస్సు దిగిందే తడవు దీపం దీపం అని నా ప్రాణం తీసినావు. ఈ ఇంట్లో రిగ్గింగు ఎప్పుడో అయిపోయిందండీ. మూడు ఓట్లూ ఈ పిల్లే గుద్దేసింది!"