తెల్లమేడ నీడరాయి

దుర్గాభవాని కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి మరిడమ్మ ఎడమ చెవికి రాస్తోంది. జానెడు పొడవున్న చెవి అది. కొస మొగలిరేకులా సన్నబడి పైకి లేచి ఉంటుంది. ఎండలు ముదిరితే ఆ కొస పగులుతుంది. రెండు వేళ్లతో, కింది నుంచి పైకి, మెల్లగా రాయాలి.

"కొసకి రాయొద్దే గుంటా. సక్కిలిగిలి," అంది మరిడమ్మ చిన్నగా దగ్గి.

"పగిలింది కొసే కదా మామ్మా!"

"పగిల్తే పగిలింది. ఆరొందలేళ్లు ఉన్నాది, ఇంకో నాలుగు రోజులుండదేటి? నా సెవుల తోడు, నీ సేతులు మరీ మొరటే."

భవాని నవ్వింది. ముక్కుపుడక మెరిసింది. అందులో ఆవగింజంత రికార్డర్ ఉంది. మూడేళ్లుగా ఈ వంటింట్లో పలికిన ప్రతి మాటా దానిలోంచి విజయనగరంలో ఒక జిరాక్స్ షాపు పైగదికి చేరుతోంది.

ఊరి పేరు తెల్లమేడ. నౌపడ ఉప్పుమళ్లకు అవతల, ఒకే ఒక గట్టు దారి. ఏ మ్యాపులోనూ లేదు. భవాని పనిచేసే నిఘా డిపార్ట్‌మెంట్ పాత ఫైల్లో ఎవరో దొర ఇక్కడి వాళ్లని ఎల్ఫ్‌లు అని రాసి పెట్టాడు. ఉప్పు పనిచేసే నౌపడ వాళ్లు సెవులోలు అంటారు. తమలో తాము అనుకోవడమే, బయటి వాళ్ల దగ్గర నోరు విప్పరు. తరతరాల కట్టుబాటు.

ఒకప్పుడు రెండు వేల గడప. ఇప్పుడు మిగిలింది నలభై ఒక్క మంది. వయసులో ఉన్నవాళ్లు చెవుల మీదికి జుట్టు దువ్వుకుని విశాఖపట్నం, రాయపూర్ వెళ్లిపోయారు. తలుపు తెరుచుకోని ఇల్లు ఇక్కడ మూడో రోజుకి ఉప్పై రాలిపోతుంది. అందుకని మిగిలిన ఒక్కొక్కరూ పొద్దున్నే యాభై ఖాళీ ఇళ్ల తలుపులు తెరిచి, పొద్దుగూకేలోపు మూస్తారు. మరిడమ్మ వంతుకు యాభై రెండు. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాక, ఉప్పుమళ్లలో పనిచేసే గున్నమ్మ తన మేనకోడలని చెప్పి భవానిని సాయానికి పెట్టింది. భవాని డిపార్ట్‌మెంట్ మనిషి అని గున్నమ్మకు తెలుసు. మరిడమ్మకు తెలియదు.

భవాని చెవి కమ్మ రెండుసార్లు అదిరింది. చేతులు కడుక్కొస్తానని భవాని పెరట్లోకి నడిచింది.

"ఉప్పు చెమ్మగిల్లింది," అంది కమ్మలోంచి గొంతు.

"ఎండబెట్టండి," అంది భవాని. కోడ్ కుదిరింది.

అవతల చీఫ్ జగన్నాధం. "రాయి బయటికి తీసేది ఇవాళే కదా? టైం?"

"పదకొండు నలభై తొమ్మిదికి సార్."

ఈ ఊరిని దాచేది నీడరాయి. కొబ్బరికాయంత ఉంటుంది. అది ఉన్న మేర దేనికీ నీడ పడదు. నీడ లేనిది శాటిలైట్‌కి కనబడదు, రాడార్‌కి దొరకదు. ఏడాదికోసారి, మే నెలలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడలు వాటంతటవే మాయమయ్యే రోజున, రాయిని గూట్లోంచి తీసి ఉప్పునీటితో కడుగుతారు. నీడలు తిరిగొచ్చే లోపు, అంటే నాలుగు నిమిషాల్లో, తిరిగి గూటికి చేర్చాలి, కనీసం ఊరి పొలిమేర లోపలైనా ఉండాలి. లేకపోతే ఊరే ఉండదు.

"ఒకడు లోపలికొచ్చాడు," అన్నాడు జగన్నాధం. "ఫారిన్ రింగ్. రాయిని సబ్‌మెరైన్‌లో బిగిస్తారట. ఉప్పు బేరగాడి వేషం. ఫోటో లేదు. మేకప్ పర్ఫెక్ట్, భాష పర్ఫెక్ట్."

"సోర్స్ ఎవరు?"

"అరుణశ్రీ."

"భాష ఎక్కడ నేర్చుకున్నాడు సార్?"

జగన్నాధం గొంతు తగ్గించాడు.

"చలికాలంలో మన సర్వర్ నుంచి కొన్ని ఫైల్స్ పోయాయి. కంగారు పడకు, పనికొచ్చేవి కావు. నీ వంటింటి ఆడియో."

"ఎంత పోయింది?"

"మొత్తం."

"అందులో ఏముందో మనవాళ్లు ఎవరైనా విన్నారా?"

"ముసలమ్మ కబుర్లు మూడేళ్లవి ఎవరు కూర్చుని వింటారు భవానీ? కీవర్డ్ సెర్చ్ పెట్టాం. 'రాయి' అని వచ్చిన ముక్కలు తీసుకుని మిగతాది వదిలేశాం. నువ్వు మాత్రం విన్నావా ఏంటి?"

లేదు. భవానీ వినలేదు. మామ్మ చెప్తుంటే ఊఁ కొడుతూ, గూటి తాళం ఎక్కడ ఉంటుందా అని గోడల వైపు చూసేది. మాటలు ఎటూ రికార్డ్ అవుతున్నాయి కదా అనుకునేది.

పదకొండున్నరకు మేడల నడుమ బయల్లో జనం చేరారు. సెవులోలు నలభై ఒక్కరు, నౌపడ ఉప్పు కుటుంబాల వాళ్లు, గుట్టు దాస్తామని మాటిచ్చిన బేరగాళ్లు పది మంది. ఎండకు ఉప్పు పట్టిన గోడలు కళ్లలో గుచ్చుకుంటున్నాయి. భవాని క్యారేజీ పట్టుకుని గున్నమ్మ పక్కన నిలబడింది. క్యారేజీ అడుగు గిన్నెలో పిస్టల్ ఉంది.

అరుణశ్రీ వచ్చింది. నూట ముప్పయ్యేళ్లు. చూడ్డానికి పాతికేళ్ల సినిమా నటిలా ఉంటుంది. పొద్దున తలుపులు తెరిచాక వెళ్లి కూర్చునే విజయనగరం చీరల షాపు, డిపార్ట్‌మెంట్‌కి సమాచారం, అద్దంలాంటి పట్టుచీర, చెవుల్ని కప్పేసిన మల్లెపూలు. ఊళ్లో చిన్నది కనక కడిగిన రాయిని గూటికి మోసే వంతు ఆమెది.

"పనిపిల్లా, బాగున్నావా?" అంది నవ్వుతూ. ఆమెకు భవాని ఎవరో తెలుసు. "నాను సెప్పినోడు దొరికాడా?"

"వెతుకుతున్నాను."

"బేగి వెతుకు. నాకు షాపు తియ్యాలి."

బేరగాళ్లందరూ ఒకేలా ఉన్నారు. లుంగీ, భుజాన తువ్వాలు, ఎండకు కమిలిన మెడ. భవాని ఒక్కొక్కరినీ చేతుల నుంచి మొదలుపెట్టి చూసింది. ఎవరి చేతులూ పట్టివ్వలేదు.

భాస్కర్ అనే బేరగాడు, ముప్పయ్యేళ్ల వాడు, ఖాళీ ఉప్పు బస్తా పరుచుకుంటూ గున్నమ్మని కసిరాడు.

"కాసింత జరగవే గుంటా. దారికడ్డంగా నిలబడ్డావేటి?"

గున్నమ్మ నోరు తెరిచింది. "ఓలమ్మ! అరవయ్యేళ్ల దాన్ని, మనవలున్నదాన్ని, గుంటంటన్నాడేటి వీడు! నీ తల్లినీ అలాగే అంటావురా?"

అందరూ నవ్వారు. భాస్కర్ కూడా నవ్వి, దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "కోపమెందుకే? నా సెవుల తోడు, నాను సరదాకన్నాను."

బేరగాడు సెవులోలని ఎగతాళి చేస్తున్నాడనుకుని జనం మళ్లీ నవ్వారు. భవాని చేతిలో క్యారేజీ బరువెక్కింది.

అరవయ్యేళ్ల మనిషిని గుంట, అంటే చిన్నపిల్ల, అనగలిగేది ఆరువందలేళ్ల మనిషి ఒక్కతే. మాటకు ముందు చిన్న దగ్గు, 'నాను' దగ్గర కాస్త సాగదీత, ఒట్టు పెట్టే తీరు. వాడు భాష నేర్చుకోలేదు. మరిడమ్మని నేర్చుకున్నాడు. నేర్పింది భవాని ముక్కుపుడక.

అంతలో గంట మోగింది. పొలిమేర అవతల నిలబెట్టిన కర్రకు కూడా నీడ లేదు.

మరిడమ్మ గూట్లోంచి రాయి తీసి ఇత్తడి పళ్లెంలో పెట్టి కడిగింది. తువ్వాలుతో ఒత్తి అరుణశ్రీ చేతికిచ్చింది. అరుణశ్రీ పైట సర్దుకుంది. బేరగాళ్ల ముందునుంచి గూటి వైపు నడిచింది. రాయిని గూట్లో పెట్టింది. అన్నీ సవ్యంగా జరిగాయి.

ఒక్కటే తేడా. భాస్కర్ బస్తా ఇప్పుడు ఖాళీగా లేదు.

నడినెత్తి సూర్యుడి కింద అసలు రాయికీ ఉత్త రాయికీ తేడా ఎవరికి తెలుస్తుంది? నీడలు తిరిగొచ్చాక తెలుస్తుంది. అప్పటికి వాడు పొలిమేర దాటేస్తాడు.

వాడు అప్పుడే గట్టు మీదున్నాడు. భవాని పరిగెత్తింది.

"భాస్కర్! ఆగు!"

ఆగలేదు. పొలిమేర రాయి వాడికి నలభై అడుగుల్లో ఉంది. వాచీలో పదకొండు యాభై ఒకటి. రెండు నిమిషాలు. భవాని పిస్టల్ తీసింది.

వాడు వెనక్కి తిరిగాడు. చేతిలో పళ్లు తోముకునే బ్రష్ ఉంది. దాని కొసన సూది.

"నన్నొగ్గీ గుంటా," అన్నాడు. మరిడమ్మ గొంతే. ఆ గొంతులో ఉన్న అలసట కూడా ఆవిడదే. భవాని కాల్చలేకపోయింది.

వాడు బ్రష్ నొక్కాడు. సూది క్యారేజీకి తగిలి టంగుమంది. వాడు పరిగెత్తాడు.

గట్టు మధ్యలో తూము ఉంది, మడికి నీళ్లు వదిలే చోటు. దానికి అడ్డంగా ఉన్న పలకే దారి. భవాని పిస్టల్ పారేసి తూముకు ఇవతల మోకాళ్ల మీద కూలబడి, పలక కొస పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. వాడి ఒక కాలు అప్పటికే పలక మీదుంది. పలక జారింది. వాడు పక్కనున్న మళ్లోకి దూకాడు. మడి పైన ఉప్పు తెల్లగా, గట్టిగా కనబడుతుంది. కింద నల్ల బురద. ఉప్పు మళ్లలో పుట్టినవాడెవడూ అందులోకి దూకడు.

తొడ దాకా దిగబడిపోయాడు. బస్తా చేతిలోంచి జారి పొలిమేర రాయికి అవతల పడింది. రెండడుగులు అవతల.

భవాని చేతి కింద నేల మీద దారప్పోగంత నల్లటి గీత కనిపించింది. నీడ. వెనక ఊళ్లో ఎక్కడో ఒక గోడ ఉప్పు పోసినట్టు జరజరా రాలిన చప్పుడు.

"గున్నమ్మత్తా! పార!"

ఉప్పు లాగే పొడవాటి కర్రపార పట్టుకుని గున్నమ్మ తూము దూకింది. అరవయ్యేళ్ల మనిషి. పార చాపి, బస్తాకి తగిలించి, ఉప్పు కుప్ప లాగినట్టు ఒక్క ఈడుపు ఈడ్చింది. బస్తా పొలిమేర దాటి లోపలికొచ్చింది.

నేల మీద గీత చెరిగిపోయింది.

"గుంటంట!" అంది గున్నమ్మ ఆయాసపడుతూ, బురదలో ఉన్నవాడికేసి చూసి. "సూసావేటి గుంట సత్తా!"

భవాని వాడి చేతులు కట్టింది. వాడు పెనుగులాడలేదు. ఈసారి మామూలు గొంతుతో, పుస్తకంలో ఉండే తెలుగులో అడిగాడు.

"మామ్మ మోకాళ్లు తగ్గాయా?"

భవాని ఇంకో ముడి వేసింది.

"చలికాలంలో బాగా బాధపడింది. ఆ ముప్పయ్యో ఇంటి కథ చెబుతూ మధ్యలో ఆపేసింది. తర్వాత ఏమైంది? నీకు చెప్పే ఉంటుంది."

"ఎన్ని విన్నావు?"

"వెయ్యి గంటలు. అన్నీ విన్నాను. మొదట భాష కోసం." ఆ తర్వాత ఎందుకో వాడు చెప్పలేదు.

అరుణశ్రీ పారిపోవడానికి ప్రయత్నించలేదు. గూటి మెట్టు మీద కూర్చుని, వాడిపోయిన మల్లెలు ఒక్కొక్కటీ జడలోంచి తీస్తోంది.

"వాడొచ్చాడని చెప్పింది నువ్వే. మరి ఇదెందుకు చేశావు?" అంది భవాని.

"నా మీద అనుమానం రాకూడదనే సెప్పాను. మిగతాదా? యాభై తలుపులు," అంది అరుణశ్రీ. "ఈ ముసలోళ్లు పోతే నాకు రెండు వేలు. నీకు తెలుస్తాదేటి?" తర్వాత భవాని ముక్కుకేసి చూసి నవ్వింది. "నన్నలా సూడకు. నాను రాయిచ్చాను. నువ్వు మామ్మనే ఇచ్చీసావు."

ఇద్దరినీ ఉప్పు కొట్లో వేసి తాళం పెట్టించారు. విజయనగరం నుంచి జీపు రావడానికి రెండు గంటలు పడుతుంది.

భవాని ఇంటికొచ్చేసరికి మరిడమ్మ చెంబులో మజ్జిగ కలుపుతోంది. ఆవిడకు సంతోషం ఆగడం లేదు.

"దా, కూకో. ఇది నీకే. ఎంత పరుగే అది! ఇరవయ్యో ఇంట్లో ఉండే సోమమ్మ కూడా అలగే పరిగెట్టేది, మొగుడి మీద అలిగి. నీకు సెప్పాను కదా?"

చెప్పే ఉంటుంది. భవానికి గుర్తులేదు.

ముక్కుపుడక తీసి పీట మీద పెట్టింది. ఉన్నదంతా చెప్పింది. తను ఎవరో, ఎందుకొచ్చిందో, అందులో ఏముందో.

మరిడమ్మ మజ్జిగలో ఉప్పు వేస్తూ విన్నది.

"తెలుసే," అంది. "అది పాడతాది. మా సెవులకి ఈగ రెక్క ఇనబడతాది, ఇది ఇనబడదా? నువ్వొచ్చిన రోజే ఇన్నాను."

"మరి ఊరుకున్నావేటి మామ్మా?"

"నానెవులికి సెప్పుకోను? ఆ యాభై రెండిళ్లలో ఎవులుండేవోరో, ఎవులికి ఎవులంటే పడదో, ఏ పిల్ల ఏ పాట పాడేదో నాకొక్కదానికే తెలుసు. నాను పోతే పోతాది. అందుకే దాంట్లో ఏసీసాను. రాయి సంగతులు మాత్రం కావాలని తప్పు సెప్పాననుకో." చిన్నగా నవ్వింది. "పగలంతా పనిలో నీకు బుర్ర నిలబడదు. పడుకునే ముందు పెట్టుకుని ఇంటావు కదా అని, నిదానంగా సెప్పీదాన్ని. నువ్వింటన్నావనుకున్నాను."

భవాని ముక్కుపుడకను పీట చివరికి జరిపింది.

"నాను ఇనలేదు మామ్మా. ఒక్కటి కూడా."

చెంబులో కవ్వం ఆగింది.

"మీ ఆఫీసోలు?"

"ఆలూ ఇనలేదు."

"మరెవులూ ఇనలేదా?"

అబద్ధం చెప్పడం భవానికి ఉద్యోగం. ఇప్పుడు ఒక్కటి చెబితే సరిపోయేది. కాని ఆ మనిషి మోకాళ్ల గురించి అడిగాడు.

"ఆడొక్కడే," అంది. "ఉప్పు కొట్లో ఉన్నోడు. మొత్తం ఇన్నాడు. ముప్పయ్యో ఇంటి కథ మధ్యలో ఆపీసావంట. తర్వాతేటైందని అడిగాడు."

కమ్మ రెండుసార్లు అదిరింది. "కంగ్రాట్స్ భవానీ, మిషన్ సక్సెస్," అన్నాడు జగన్నాధం. "నీ రికార్డర్ సిగ్నల్ వీక్‌గా ఉంది. పెట్టుకో. ఇంకో మూడేళ్లు ఎక్స్‌టెన్షన్ వచ్చింది."

మరిడమ్మ లేచింది. భవాని కోసం కలిపిన మజ్జిగ చెంబు అందుకుంది. కర్ర తీసుకోలేదు. ఇల్లు ఆవిడదే కదా, బయటికి నడవాల్సింది తను కదా అని భవానికి తట్టేసరికి, ఆవిడ గుమ్మం దిగి ఉప్పు కొట్టు వైపు సగం దూరం వెళ్లిపోయింది.