పన్నెండు వోల్టుల దూరం

"డిష్‌ని కాలితో తన్నితే సిగ్నల్ రాదండీ."

ఉర్షాతో గాష్పెర్ అన్న మొట్టమొదటి మాట అది. అప్పటికి ఆమె మోటర్‌హోమ్ కప్పు మీద పసుపుపచ్చ రెయిన్‌కోటులో నిలబడి ఉంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో సగం కొరికిన ఆపిల్, కాలి దగ్గర తెల్లటి శాటిలైట్ డిష్. సన్నగా చినుకులు పడుతున్నాయి.

"తన్నలేదు, సర్దాను. చేతులు ఖాళీ లేవు," అందామె పైనుంచే. "మీరేనా ఎలక్ట్రీషియన్? పదింటికి వస్తానన్నారు. పదకొండయింది."

"దారిలో ఆవులు అడ్డొచ్చాయి."

"వాటిక్కూడా ఇంటర్నెట్ బిగించి వచ్చారా?"

గాష్పెర్‌కి తోల్మిన్ అనే ఊళ్ళో చిన్న షాపు ఉంది. మోటర్‌హోమ్‌లకీ, తేనెపెట్టెలు మోసే లారీలకీ వైరింగ్ చేస్తాడు. ముప్ఫై ఏళ్ళ వయసులో అతనికి ఇలా ఎదురు సమాధానం చెప్పిన కస్టమర్ లేడు. పనిముట్ల సంచి తీసుకుని బండెక్కాడు.

బండి ఉర్షాది కాదు, ఆమె అమ్మమ్మ జోఫ్కాది. నలభై ఏళ్ళు ఈ కొండదారుల్లో తపాలా వ్యాన్ నడిపిన మనిషి. రిటైరయ్యాక కూడా స్టీరింగ్ వదలడం ఇష్టంలేక మోటర్‌హోమ్ కొనుక్కుంది. ఈ ఏడు మనవరాలు కూడా రాజధాని ల్యూబ్లియానాలో ఫ్లాట్ ఖాళీ చేసి వచ్చి చేరింది. ఇద్దరూ సోచా నదికి పై గట్టున, ఒక రైతు గడ్డిమైదానంలో మకాం వేశారు. కొట్టం పక్కన కరెంటు ఉంది గాని, అక్కడ గడ్డి ఆరేసే ఎత్తైన చెక్క పందిరీ, దాని వెనక కొండా కలిసి ఆకాశాన్ని మూసేశాయి. మైదానం మధ్యలో కావలసినంత ఆకాశం, కరెంటు మాత్రం లేదు. బండిలోని రెండు బ్యాటరీలు, కప్పు మీది సోలార్ పలక, అంతే దిక్కు.

ఉర్షా పని దుబాసీ పని. ఎక్కడో జరిగే మీటింగుల్లో జర్మన్‌లో మాట్లాడుతుంటే, ఆమె ఇక్కడ కూర్చుని అదే క్షణంలో స్లొవేనియన్‌లో చెబుతుంది. శుక్రవారం పదకొండింటికి బ్రస్సెల్స్‌లోని సంస్థ ఆమెకి గంటసేపు పరీక్ష పెడుతోంది. మధ్యలో లైన్ ఒక్కసారి తెగినా పరీక్ష పోయినట్టే. ఇదంతా ఆమె ఒక్క ఊపిరిలో చెప్పింది.

గాష్పెర్ అల్మారా తెరిచి, లోపలున్న ఇన్వర్టర్ చూసి నవ్వాడు. బ్యాటరీలో ఉన్నది పన్నెండు వోల్టులు. దాన్ని ఈ పెట్టె ఇంటి కరెంటంత పైకి లేపుతుంది. డిష్‌తో వచ్చిన అడాప్టర్ మళ్ళీ నలభై ఎనిమిదికి దించుతుంది. ఎక్కడానికి కొంత, దిగడానికి కొంత, ఊరికే వేడి కింద కొంత తగలబడుతుంది. పక్కింటికి పాలు ఇవ్వడానికి క్రన్ శిఖరం ఎక్కి దిగినట్టు ఉందని వివరించాడు. పన్నెండు నుంచి సరాసరి నలభై ఎనిమిదికి తీసుకెళ్ళే చిన్న కన్వర్టర్ పెడితే బ్యాటరీ రోజంతా వస్తుందన్నాడు.

"ఇక ఆగదు. నా గ్యారంటీ."

"ఆగితే?"

"ఆగినప్పుడల్లా మా అమ్మ చేసిన ష్ట్రుక్లి కుడుములు ఒక ప్లేటు."

"లోపల వాల్‌నట్లు, ఎండుద్రాక్ష?"

"దండిగా."

"అయితే ఆగాలనే కోరుకుంటాను, గ్యారంటీ గారూ."

ఒక్క చిక్కు వచ్చింది. తీగ బ్యాటరీ నుంచి నేరుగా లాగాలి. బ్యాటరీలు టేబుల్ పక్క సీటు కింద ఉన్నాయి. ఆ సీటు మీద జోఫ్కా కూర్చుని ఒంటరిగా పేకముక్కలు పేర్చుకుంటోంది. ముగ్గురుంటే టారోక్ ఆడొచ్చనీ, మూడో మనిషి లేక ఇలా తనతో తనే ఆడుకోవాల్సి వస్తోందనీ సణిగింది. గాష్పెర్ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ ఇంకో ముక్క పరిచింది. పెద్దావిడని లెమ్మనడానికి నోరు రాక, గోడ వెనక వెళ్తున్న తీగ ఒకటి కనిపిస్తే దాని నుంచే కనెక్షన్ ఇచ్చేశాడు. గ్యారంటీ ఇచ్చే మనిషి చేయకూడని పని అది.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"గ్యారంటీ గారూ, పోయింది."

ష్ట్రుక్లి ప్లేటుతో పరుగెత్తాడు. అతను వెళ్ళేసరికి డిష్ మామూలుగా పనిచేస్తోంది. మీటర్ పెడితే పన్నెండు పాయింట్ తొమ్మిది. ఇంతకన్నా ఆరోగ్యంగా ఏ బ్యాటరీ ఉండదు. వోల్టేజీ ఎప్పుడు ఎంత పడిపోయిందో గుర్తుపెట్టుకునే మీటర్ ఒకటి కన్వర్టర్‌కి తగిలించాడు. చేతులు కడుక్కుందామని సింకు వైపు తిరిగితే జోఫ్కా ఆపింది.

"అబ్బాయ్, బయట ఆవుల తొట్టి ఉంది. అక్కడ కడుక్కో."

తన జిడ్డు చేతులంటే ఆవిడకి అసహ్యమనుకున్నాడు. వానలో నడిచి తొట్టి దగ్గరికి వెళ్ళాడు.

బుధవారం రెండుసార్లు ఫోన్. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. రెండు ప్లేట్లు. మీటర్ రెండు టైములు రాసిపెట్టింది: పదకొండూ ఏడు, నాలుగూ నలభై. రెండుసార్లూ వోల్టేజీ కాసేపు పదికి జారి మళ్ళీ లేచింది. ఎందుకో అంతుపట్టలేదు. ఫ్యూజు గురించీ, వోల్టేజీ పడిపోవడం గురించీ అతను గొణుక్కుంటుంటే ఉర్షా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పక్కనే నిలబడి దుబాసీ పని మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, వారు చెబుతున్నదేమిటంటే, వారికి తెలియదట."

"తెలుస్తుంది," అన్నాడు గాష్పెర్.

"రేపు కూడా వస్తారట."

అతనికి కోపం రావాలి. రాలేదు. ఇంటికి వెళ్ళే దారిలో ఆవులు అడ్డొస్తే, అవి పక్కకి వెళ్ళిపోయాక కూడా బండి ఆపుకుని కూర్చున్నాడు.

గురువారం పిలవకుండానే వెళ్ళాడు. వాన కుండపోతగా కురుస్తోంది. జోఫ్కా పాల కోసం రైతు ఇంటికి వెళ్ళింది. ఉర్షా ముందు సీట్లో రిహార్సల్ చేసుకుంటోంది. గాష్పెర్ కన్వర్టర్ స్క్రూలు విప్పి మళ్ళీ బిగించాడు. చేతులు నల్లగా అయ్యాయి. తొట్టి మైదానం అవతల ఉంది. కిటికీలోంచి వానని చూసి, చూసేవాళ్ళెవరూ లేరు కదా అని సింకు దగ్గర కుళాయి తిప్పాడు.

పంపు గుర్రుమంది. నీళ్ళు వచ్చాయి. గోడ మీద రౌటర్ లైటు ఆరిపోయింది.

"గ్యారంటీ గారూ," అంది ముందు సీట్లోంచి గొంతు. ఎందుకో ఆ గొంతులో ఆశ్చర్యం లేదు.

అతను కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాడు. సోమవారం తను కనెక్షన్ తీసుకున్నది నీళ్ళ పంపు తీగ నుంచి. సన్నటి తీగ. కుళాయి తిప్పగానే పంపు దాన్లోని బలమంతా లాగేసుకుంటుంది, కన్వర్టర్‌కి చాలక డిష్ చచ్చిపోతుంది. అది మళ్ళీ ఉపగ్రహాలని వెతుక్కునేసరికి అయిదు నిమిషాలు పడుతుంది. తప్పు పూర్తిగా తనదే.

సిగ్గుపడటం అయ్యాక ఇంకో సంగతి తట్టింది. ఆవుల తొట్టి.

అతను వానలోకి దిగి వెళ్ళేసరికి జోఫ్కా గడ్డి పందిరి కింద పాల క్యాన్‌తో వాన తగ్గడం కోసం నిలబడి ఉంది. అతని సగం కడిగిన నల్లటి చేతులు చూడగానే ఆవిడకి అర్థమైపోయింది.

"మంగళవారం నిజంగానే ఆకుకూర కడిగాను," అంది. "కుళాయి తిప్పగానే లైటు పోయింది. బుధవారం పొద్దున కావాలనే తిప్పాను."

"ఎందుకు బామ్మగారూ?"

"పరీక్ష పెట్టేది బ్రస్సెల్స్ వాళ్ళు. పాసైతే పిల్ల బ్రస్సెల్స్ పోతుంది. ఎన్నేళ్ళకో ఒకే బల్ల దగ్గర ఇద్దరం కూర్చుని అన్నం తింటున్నాం, అబ్బాయ్." పాల క్యాన్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నువ్వూ ఆలోచించుకో. మూడు రోజులుగా అదే స్క్రూ విప్పి బిగిస్తున్నావు. దేనికోసమో నాకు తెలియదనుకోకు."

అతను ఇప్పుడు చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. ఆ తీగని అలాగే వదిలేస్తే రేపు ఎవరో ఒకరు గ్లాసుడు నీళ్ళు పట్టుకుంటారు. ఉర్షా ఇక్కడే ఉండిపోతుంది. ఎవరూ అతన్ని తప్పు పట్టరు. వాన చెక్కల సందుల్లోంచి మెడ మీద పడుతోంది.

"బామ్మగారూ," అన్నాడు చివరికి, "మీరు ఆ సీటు మీంచి లేవాలి."

ఆవిడ అతన్ని చాలాసేపు చూసింది. "సోమవారమే అడగొచ్చుగా."

"భయపడ్డాను."

ఆవిడ నడిచి, బండెక్కి, పేకముక్కలు సర్దుకుని ఆ సీటు ఖాళీ చేసింది. అతను బ్యాటరీ నుంచి నేరుగా వేలంత లావు తీగ లాగాడు, దానికి వేరే ఫ్యూజు పెట్టాడు. కుళాయి పూర్తిగా తిప్పి వదిలాడు. రౌటర్ లైటు కదల్లేదు. పొరపాటు తనదేనని ఉర్షాకి చెప్పాడు. అమ్మమ్మ సంగతి చెప్పలేదు.

"అంతేనా?" అంది ఉర్షా.

"అంతే."

ఇంకేదో వినాలనుకున్నట్టు చూసింది. తర్వాత తల తిప్పుకుంది.

శుక్రవారం పదింటికి అతను షాపులో ఉండగా ఫోన్. ఈసారి గ్యారంటీ గారూ అన్న పిలుపు లేదు. సోమవారం నుంచి సూర్యుడు సరిగా మొహం చూపించలేదు, బ్యాటరీ అడుగంటింది, ఇంజన్ ఆన్ చేస్తే ఆ రొద మైకులోకి వస్తుంది. గాష్పెర్ పదిన్నరకి మైదానంలోకి వచ్చి, బురదలో వ్యాన్‌ని వెనక్కి నడుపుతూ మోటర్‌హోమ్ పక్కకి తెచ్చాడు. అతని కిటికీకీ ఆమె కిటికీకీ మధ్య జానెడు దూరం మిగిలింది.

"ఇంత దగ్గరగానా? పొడుగు తీగ లేదా?"

"ఉంది. పనికిరాదు." అతను తన వ్యాన్ బ్యాటరీని వాళ్ళ బ్యాటరీకి కలుపుతున్నాడు. "ఇంటి కరెంటైతే ఎంత దూరమైనా పోతుంది. పన్నెండు వోల్టులు దూరాన్ని ఓర్చుకోలేవు. తీగ పెరిగేకొద్దీ దారిలోనే కరిగిపోతాయి. దగ్గరగా ఉంటేనే ఏదైనా."

"ఇది కరెంటు గురించేనా?"

"ప్రస్తుతానికి."

ఆమె మొదటిసారి ఎదురు సమాధానం చెప్పకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

ఆ గంటసేపూ జోఫ్కా బండిలో ఉండలేదు. కుళాయి వల్ల ఇక ప్రమాదం లేదని చెప్పినా వినకుండా, గొడుగు వేసుకుని మైదానంలో మడతకుర్చీ మీద కూర్చుంది. గాష్పెర్ తన వ్యాన్‌లో కూర్చుని రెండు అద్దాల అవతల ఉర్షా పెదవులు కదలడం చూశాడు. ఒక్క మాట వినబడలేదు. పదకొండూ నలభైకి ఆమె ఒక క్షణం ఆగితే అతను తీగలు కలిపిన చోటికి తొంగిచూశాడు. ఆమె గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ అందుకుంది.

పన్నెండింటికి ఆమె కిటికీ తెరుచుకుంది.

"పాస్."

"అభినందనలు," అన్నాడు గాష్పెర్. ఆ మాట మీటర్ లెక్క చదివినట్టు వచ్చింది. "ప్రయాణం ఎప్పుడు?"

"ఎక్కడికి?"

"బ్రస్సెల్స్."

ఉర్షా అతన్ని చూసి, గొడుగు కింద లేచి నిలబడ్డ అమ్మమ్మని చూసింది. "ఫెయిలైతే వెళ్ళేదాన్ని. సెప్టెంబర్ నుంచి అక్కడి ఆఫీసులో కూర్చోవాల్సి వచ్చేది. ఎక్కడున్నా అక్కడినుంచే పని చేసుకోవచ్చని నిరూపించడానికే కదా ఈ పరీక్ష. అమ్మమ్మా, నీకు ఏప్రిల్‌లోనే చెప్పాను."

"పేకాడుతుంటే చెప్పావా?"

"నువ్వు పేకాడనిది ఎప్పుడు?"

జోఫ్కా వచ్చి రెండు బండ్ల సందు మొదట్లో, కిటికీకి అందేంత దూరంలో నిలబడింది. గొడుగు పక్కకి ఒరిగి భుజం తడుస్తున్నా సర్దుకోలేదు. "నలభై ఏళ్ళు తపాలా పంచాను. మంచు పడినా, రాళ్ళు పడినా ఎవరి ఉత్తరమూ ఒక్క పూట ఆపలేదు. నీది ఆపాను, తల్లీ. బుధవారం ఆ కుళాయి తిప్పింది కావాలనే."

ఉర్షా కిటికీలోంచి చెయ్యి చాపి గొడుగు నిటారుగా పెట్టింది. "వంటలో ఉప్పు ఎక్కువైందంటే ఒప్పుకోవు. ఇది మాత్రం ఒప్పుకున్నావు," అంది.

"కానీ ఒక్కసారే," అంది అమ్మమ్మ. "పొద్దున ఒక్కసారే."

గాష్పెర్ గురువారం విప్పి జేబులో వేసుకున్న మీటర్ తీశాడు. "మరి నాలుగూ నలభైకి?"

"ఆ టైములో నేను రైతు ఇంట్లో టారోక్ ఆడుతున్నాను. వాళ్ళనే అడుగు."

ఇద్దరూ కలిసి కిటికీ వైపు చూశారు. కిటికీలో మొహం ఎర్రబడింది.

"చెర్రీలు కడిగాను," అంది ఉర్షా.

"లైన్ పోతుందని తెలిసేనా?"

"పొద్దున పంపు చప్పుడు వినబడింది. అనుమానం వచ్చింది. సాయంత్రం ఒకసారి తిప్పి చూశాను."

"తెలిశాక నాకు ఫోన్ ఎందుకు?"

"ష్ట్రుక్లి కోసం." అతను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించింది. "గురువారం సాయంత్రం చెబుదామనుకున్నాను. నువ్వు మధ్యాహ్నమే కనిపెట్టేశావు. అంత తొందర దేనికో."

మీరు కాస్తా నువ్వు అయింది. అతను అది గమనించాడు. అతను గమనించినట్టు ఆమె గమనించింది.

"పరీక్ష అయిపోయింది," అన్నాడు గాష్పెర్. "తీగలు తీసేసి వ్యాన్ పక్కకి పెట్టనా?"

"మా బ్యాటరీ నిండిందా?"

"లేదు." మీటర్ అతని చేతిలోనే ఉంది. దాని వైపు చూడలేదు.

"గ్యారంటీయా?"

"గ్యారంటీ. చాలా రోజులు పడుతుంది, ఉర్షా. నాకేమీ తొందర లేదు."

ఆమె జానెడు దూరం దాటి చెయ్యి చాపి, అతని చెంప మీది గ్రీజు మరకని బొటనవేలితో తుడిచింది. మరక పోలేదు, ఇంకాస్త పెద్దదయింది.

బండిలో జోఫ్కా అప్పటికే సీటు మీద కూర్చుని ముక్కలు పంచేస్తోంది. మూడు వాటాలు.

"అబ్బాయ్, లోపలికి రా. చేతులు కడుక్కుని కూర్చో."

గాష్పెర్ అలవాటు కొద్దీ ఆవుల తొట్టి వైపు నడవబోయాడు.

"అటెక్కడికి?" అంది జోఫ్కా ముక్కల మీంచి తలెత్తకుండా. "ఇంట్లో కుళాయి ఉండగా."