గోడ దాటని సిగ్నల్

రౌటర్ కొనడానికి నరసన్నపేట వెళ్లిన రోజు ఎండ మామూలుగానే ఉంది. హైవే పక్కన తిరుమలరావు గారి కంప్యూటర్ షాపులో ఫ్యాను కింద కూర్చుని, అద్దాల బీరువాలో వరసగా పేర్చిన డబ్బాలు చూస్తున్నాను. పెళ్లిచూపులకి వచ్చినవాడిలా బెట్టు చేస్తూ, ఇది కాదు అది చూపించండి అంటున్నాను. నేను ఎందుకు కొంటున్నానో తెలిస్తే ఆయన నాకు టీ తెప్పించేవాడు కాదు.

"దూరం కావాలా బాబూ, స్పీడు కావాలా?" అని అడిగాడు.

"రెండూ కావాలంటే?"

"అయితే డ్యూయల్ బ్యాండే తీస్కో. ఒక డబ్బాలోనే రెండు దార్లుంటాయి. రెండు పాయింట్ నాలుగని ఒకటి. అది దూరం పోతాది, గోడలు దాటతాది, కాపోతే నెమ్మది. రెండోది అయిదు. ఒకటే పరుగు. కాని గోడ అడ్డమొస్తే సతికిలబడిపోతాది."

"రెండిట్లో ఒకదాన్ని ఆపేసుకోవచ్చా?"

"ఆపుకోవచ్చు. డబ్బులెట్టి కొనుక్కుని ఆపడమేటి, ఎర్రిగాని!" అని పగలబడి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అదే కట్టించుకుని బస్సెక్కాను.

మేముండేది కళింగపట్నంలో. మేమంటే మా అప్ప దుర్గ (మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తాం), వాళ్ల అత్త తవిటమ్మ, నేను. ఎచ్చెర్లలో ఎం.సి.ఏ. అయ్యాక విశాఖపట్నం కంపెనీ ఒకటి ఇంటి దగ్గర నుంచే చేసుకునే పని ఇచ్చింది. "అద్దెలెందుకురా బామ్మర్దీ, మా ఇంట్లో ఉండు" అని తీసుకొచ్చినవాడు మా బావ కొండబాబు. చేపలవేట తప్ప వేరే పని తెలియని మనిషి. నా ఉద్యోగం కోసం ఇంటికి నెట్టు లైను వేయించినవాడూ ఆయనే. హుద్‌హుద్ తుఫానులో పాత పాక ఎగిరిపోయాక, ఇంకే గాలికీ కదలకూడదని మందమైన కాంక్రీటు గోడలతో ఇల్లు కట్టాడు. గుమ్మం దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం.

పాత రౌటర్ వీధివైపు కిటికీలో ఉండేది. దాని సిగ్నల్ ఇసుక మీదుగా నీళ్ల దాకా పోయేది. ఒకప్పుడు బోట్లు ఒడ్డుకొస్తుంటే కేకలు వేసేవారట. ఇప్పుడు కేకలు లేవు. బోటు వంశధార సముద్రంలో కలిసే మొగ దాటి దగ్గరకి రాగానే ఎవరో ఒకరి ఫోను మా ఇంటి వైఫై అందుకునేది. వెంటనే అప్ప ఫోనుకి కబురొచ్చేది. ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని దిగేవారు. వీధి మొత్తానికి మా పాస్‌వర్డు నోటికొచ్చు. బావ ఫోనులో ఎప్పుడూ బాలన్సు ఉండేది కాదు. కొత్త ఫోను కొని అప్పకి ఇచ్చేశాడు, తను పాత డొక్కు ఫోనుని ప్లాస్టిక్ కవరులో చుట్టి మొలకి కట్టుకుని తిరిగేవాడు. ఇంటి వైఫై దొరికితేనే దానికి ప్రాణం.

వానలు ముదిరిన రోజుల్లో, మొగ దగ్గర కెరటం తిరగబడి ఆయన బోటు బోల్తా కొట్టింది. మిగతావాళ్లు ఈదుకుంటూ వచ్చారు. బావ రాలేదు. ఊరంతా ఒడ్డు గాలించింది. శవమైనా దొరకలేదు.

అప్ప మాత్రం రోజూ సందెవేళ ఆయనకి వాట్సాప్‌లో మెసేజి పెట్టేది. "ఎక్కడికొచ్చావు?" అని. బావ ఉన్నప్పుడు రోజూ పెట్టే మాటే. పక్కన ఒకటే టిక్కు పడేది. అంటే ఇక్కణ్ణుంచి వెళ్లింది గాని అవతలి ఫోనుకి చేరలేదని. అది చూసి నేను మొహం తిప్పుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం రెండు టిక్కులు పడ్డాయి.

"సేరిందిరా! మీ బావ ఫోనుకి సేరింది!" అని అప్ప నా దగ్గరకి పరుగెత్తుకొచ్చింది. ఎవరికో ఫోను దొరికి ఉంటుందనుకున్నాను. ఒడ్డు పొడుగునా తిరిగి అడిగాను. ఎవరి దగ్గరా లేదు. కాల్ చేస్తే స్విచాఫ్ అనేది. పగలంతా ఒక టిక్కే. బోట్లొచ్చే వేళకి మాత్రం రెండో టిక్కు పడేది. ప్రతి సందెకీ... తప్పకుండా.

అప్ప నీళ్లలోకి దిగడం మొదలుపెట్టింది. మొదట పాదాలు తడిసేదాకా. తరవాత మోకాళ్ల దాకా. ఫోను తల మీదకెత్తి పట్టుకుని, టిక్కుల వైపే చూస్తూ ముందుకి నడిచేది. ఒకరోజు నడుం దాటిపోతే, వల సర్దుకుంటున్న నూకయ్య మావ దూకి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు.

"ఒరే ఈశ్వరా, మీ అప్పని కనిపెట్టుకోని ఉండ్రా. మరోపాలి నేనిక్కడ ఉంతానో ఉండనో" అన్నాడు రొప్పుతూ.

దినం చేసేద్దామని తవిటమ్మత్త మొత్తుకుంటోంది. కొడుకు పోయిన మనిషి ఆవిడ, గుండె రాయి చేసుకుని అంటోంది. "దినం జరక్కపోతే ఆడు ఒడ్డునే తిరుగుతాడమ్మా." అప్ప ఒప్పుకోదు. ఫోను చూపిస్తుంది. ఆ టిక్కులున్నంత కాలం అప్పని సముద్రం వదలదని నాకు అర్థమైపోయింది. అందుకే నరసన్నపేట వెళ్లాను.

కొత్త డబ్బా విప్పుతుంటే అప్ప పక్కనే కూర్చుంది. "ఒరే, పేరు అదే ఎట్టు. పాస్‌వర్డూ అదే ఎట్టు. మారిస్తే మీ బావ ఫోను ఎతుక్కోలేదు" అంది.

"అలాగేనప్పా."

అన్నట్టే పేరూ అదే పెట్టాను, పాస్‌వర్డూ అదే పెట్టాను. ఆవిడ చూస్తుండగానే దూరం పోయే బ్యాండుని ఆపేశాను. అదేంటో ఆవిడకి తెలియదు. ఉప్పుగాలికి పాడైపోతుందని చెప్పి కిటికీలోంచి తీసి నడిమిగది అలమరలో పెట్టాను. అప్ప కొత్త ఫోనుకి గదిలో సిగ్నల్ నిండుగా ఉంది. వరండాలోకి వెళ్లి చూశాను, సున్నా. ఇక నీళ్ల దగ్గరున్న ఫోనుకి ఇది అందనే అందదు.

"బాగా సేసావురా తమ్ముడూ" అని అప్ప నా తల నిమిరింది. ఆ చెయ్యి నా నెత్తిన ఉన్నంతసేపూ అలమర వైపే చూస్తూ కూర్చున్నాను. బావ వేయించిన లైనుకే కాపలా కూర్చుని బావని బయటికి గెంటేశాను. అప్ప బతకాలని చేశాను. అయినా దొంగతనం చేసినట్టే ఉంది.

ఆ సాయంత్రం అప్ప గదిలోంచే మెసేజి పెట్టింది. ఒకటే టిక్కు. మర్నాడూ అంతే. అప్ప మోకాలి లోతు నీళ్లలో చీకటి పడేదాకా నిలబడి, వెనక్కొచ్చి, మాట్లాడకుండా గోడకి తిరిగి పడుకునేది. కొన్నాళ్లకి నీళ్లలోకి దిగడం మానేసింది. మరి కొన్నాళ్లకి అన్నం మానేసింది. ఒక పొద్దున్న అత్త దగ్గరకి వెళ్లి, "దినం సేసేయండి" అంది. నేను తింటున్న కంచం పక్కకి జరిపేశాను.

దినం రేపనగా ఆ సాయంత్రం వాన పట్టుకుంది. అత్త కులపెద్దల ఇంటికి వెళ్లింది. నడిమిగదిలో లైటు వెలుగుతోంది. అప్ప గాజుల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రేపు ఆ గాజులుండవు. నేను లాప్‌టాప్ ముందేసుకుని పని చేస్తున్నట్టు నటిస్తున్నాను. చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మళ్లీ సముద్రంలోకి పోతుంది. చెప్పకపోతే, ఈ పాపం మొయ్యాలి.

అప్ప ఫోను తీసింది. ఆఖరి మెసేజి కాబోలు, చాలాసేపు టైపు చేసింది. పంపింది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ముందు వాసన వచ్చింది. తడి వల వాసన. డీజిలూ, నాచూ, మొగ దగ్గర బురదా కలిసిన వాసన. కిటికీ మూసే ఉంది. వానకి వచ్చిందేమో అనుకున్నాను.

"ఒరే..." అంది అప్ప. "సూడ్రా."

ఫోను నా వైపు తిప్పింది. ఇన్నాళ్ల మెసేజీలూ... "ఎక్కడికొచ్చావు?"... "ఎక్కడికొచ్చావు?"... ఒక్కోదానికీ రెండో టిక్కు పడుతోంది. పైనుంచి కిందకి. వరసగా.

వెంటనే లాప్‌టాప్‌లో సెట్టింగు తెరిచి చూశాను. దూరం పోయే బ్యాండు ఆపే ఉంది. నేను ఆపినట్టే ఉంది.

"అప్పా..." గుసగుసగా అన్నాను. "నేను నీకు అబద్ధం ఆడేను. దూరం పోయేది ఆపేసాను. ఇప్పుడున్నది... గోడ దాటదు."

అప్పకి కాసేపు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఆవిడ కళ్లు నెమ్మదిగా గది నాలుగు మూలలా తిరిగాయి.

"దాటకపోతే... మరి మీ బావ ఫోను..."

పూర్తి చెయ్యలేదు. అలమర పక్కనే, లైటు పడని మూల, ఏదో ఒక్కసారి కదిలింది. తడిబట్ట నేలకి ఆనినట్టు. అంతే.

టిక్కులు నీలంగా మారాయి. చదివాడు.

అప్ప రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాను. తలుపు మూసి బయట గొళ్లెం పెట్టేశాను. ఇద్దరం వానజల్లులో వణుకుతూ నిలబడ్డాం. అప్ప ఫోనులో వైఫై సిగ్నల్ పోయింది. ఒక్క గీత లేదు. హమ్మయ్య అనుకున్నాను. గోడ గోడే.

"ఇన్నాళ్లూ ఆడు నీళ్లకాడే ఉండేవోడు" అంది అప్ప మెల్లగా. "అక్కడికందేది గాబట్టి, అక్కడే ఆగిపోయేవోడు. నువ్వది కట్టేసావు. మరి ఆడేటి సేత్తాడు? లోపలికొచ్చేసాడు."

అప్పుడు ఫోనులో ఒక గీత వచ్చింది.

వరండాలో ఎన్నడూ రాని సిగ్నల్... ఒక గీత. కాసేపు ఆగింది. రెండో గీత. లోపల ఎవరో ఆ డబ్బాని పట్టుకుని, ఒక్కో అడుగూ తలుపు వైపు వేస్తున్నారు. మూడో గీత. తలుపు సందులోంచి ఆ బురద వాసన నా కాళ్ల దాకా వచ్చింది. గీతలన్నీ నిండిపోయాయి.

అప్ప గొళ్లెం మీద చెయ్యి వేసింది.

"వద్దప్పా" అన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాలి. పట్టుకోలేకపోయాను. ఇంతకు ముందు ఒకసారి తలుపు వేసినవాణ్ణి నేనే. మళ్లీ ఏ మొహంతో ఆపను?

తలుపు తీసింది. లోపల ఎవరూ లేరు. నేల పొడిగా ఉంది. రౌటర్ అలమరలోనే ఉంది, వైరు గోడకే ఉంది. అప్ప లోపలికి నడిచి, నా మొహం మీదే తలుపు మూసి గడియ వేసుకుంది. రాత్రంతా నేను వరండాలోనే కూర్చున్నాను. లోపల అప్ప అన్నం వడ్డిస్తున్న చప్పుడు వినబడింది. చాలా రోజుల తరవాత నవ్వింది కూడా.

దినం జరగలేదు. అప్ప గాజులు తియ్యలేదు. సముద్రం వైపు కన్నెత్తి చూడడం లేదు, వేళకి తింటోంది. నేను కోరుకున్నదదే కదా. మర్నాడే దూరం పోయే బ్యాండుని తిరిగి వేసేశాను, వెళ్లేవాడు వెళ్తాడేమోనని. అప్ప చూసి, "ఇంకెందుకురా అది?" అంది. తవిటమ్మత్త ఆ వారమే కూతురింటికి వెళ్లిపోయింది. నేను కూడా పని వంక పెట్టి నరసన్నపేటలో గది తీసుకున్నాను. అప్పని అక్కడ వదిలేసి వచ్చినందుకు నిద్ర పట్టడం లేదు. వెనక్కి వెళ్లే ధైర్యమూ లేదు.

రోజూ సాయంత్రం అప్పే ఫోను చేస్తుంది. మామూలు కబుర్లే. తిన్నావా, వాన పడిందా అని. ఇవాళ కూడా అలాగే మాట్లాడి, పెట్టేసే ముందు అంది:

"ఒరే, నీ గదిలో వైఫై ఉన్నాదా? పాస్‌వర్డ్ ఏటి? మీ బావ అడగమంతన్నాడు."

"లేదప్పా. గదిలో వైఫై పెట్టించలేదు" అన్నాను. ఇది రెండో అబద్ధం.

అప్ప ఫోను కొంచెం దూరం పెట్టి, పక్కనున్న మనిషి మాట వింటున్నట్టు "ఊఁ... ఊఁ..." అంది. అప్ప నా గది ఎప్పుడూ చూడలేదు. ఎక్కడో కూడా నేను చెప్పలేదు.

"ఉన్నాదంతన్నాడు గదరా. తలుపెనకాల, మేకుకి డబ్బా ఏలాడతన్నాదట. నువ్విటేపు తిరిగి కూకున్నావట" అంది. "లోపలికొచ్చేసే ఉన్నాడట. పాస్‌వర్డొక్కటే సెప్పు."